నిత్యజీవము రేపటికి మాత్రమేనా?



మన సంఘాల్లో ఎవరైనా కన్నుమూస్తే "చనిపోయారు" అని అనము. "ప్రభువునందు నిద్రించారు" అంటాము. పక్క మంచం దగ్గరున్న వాళ్ళు ఈ మాట విని, "నిద్రపోతాండారంట కదా సిస్టరమ్మా, ఇంగ ఒకసారి చూడండి" అని కంగారుపడిన సందర్భాలు కూడా మా వార్డులో ఉన్నాయి. ఈ మాట మన తెలుగు సంఘాలు కొత్తగా పుట్టించినది కాదు. సమాధుల తోటను ఇంగ్లీషులో సెమెటరీ అంటాము కదా, అది గ్రీకు మాట నుండి వచ్చింది. దాని అర్థము "నిద్రించే చోటు". మొదటి శతాబ్దాల విశ్వాసులు తమ వారిని పాతిపెట్టిన చోటికి ఆ పేరు పెట్టుకున్నారు. నిద్రపోయినవాడు లేస్తాడు అన్నది వారి నమ్మకము.

నిత్యజీవము అనే మాట కూడా ఆలోచించదగినదే. ఆ మాట వినగానే మనకు ఆకాశము, పరలోకము, చనిపోయిన తర్వాత సంగతి గుర్తుకొస్తుంది. అయితే మన భాషలో "నిత్యము" అంటే ఎల్లప్పుడూ అనే అర్థముతో పాటు ప్రతి రోజూ అనే అర్థము కూడా ఉంది. రేషన్ షాపు బోర్డు మీద నిత్యావసర సరుకులు అని రాసి ఉంటుంది. బియ్యము, కందిపప్పు, చక్కెర. యోహాను సువార్త చదివితే అక్కడ కూడా నిత్యజీవము ఎప్పుడో రాబోయేది మాత్రమే కాదు, నమ్మినవాడు ఇప్పుడే కలిగి ఉన్నది. మరి ఇప్పుడే ఉన్నదైతే అది మన ఇంట్లో, మన వంటగదిలో, మన అన్నదమ్ముల మధ్య ఎక్కడ కనబడుతుంది? ఆసుపత్రిలో పని చేసే మాకు అది ఎక్కడ కనబడిందో, ఎక్కడ కనబడలేదో నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసము.

ఈ పత్రిక చదివే వారిలో క్రైస్తవులు కాని వారు చాలా మంది ఉన్నారు. వారు కూడా ఓపికగా చదవమని మనవి. చెప్పేవాటిలో ఎక్కువ భాగము ఇంటింటి సంగతులే.

ఒక ధర్మశాస్త్ర పండితుడు యేసుప్రభువు దగ్గరకు వచ్చి, నిత్యజీవము నాకు దక్కాలంటే ఏమి చేయాలి అని అడిగాడని లూకా సువార్త 10వ అధ్యాయములో ఉంది. ఆ సంభాషణలోనే ప్రభువు మంచి సమరయుని కథ చెప్పారు. సండే స్కూలు నుండి మనమందరము విన్న కథే. కానీ అది ఏ ప్రశ్న మీద మొదలైన మాటల్లో వచ్చిందో చాలా మందికి గుర్తుండదు. అడిగింది నిత్యజీవము గురించి. కథలో ఉన్నది గాయము, నూనె, ద్రాక్షారసము, కట్టు, గాడిద, సత్రము, సత్రము వానికి ఇచ్చిన డబ్బు. నర్సుల కళ్ళతో చూస్తే అది మొదట ప్రథమ చికిత్స, తర్వాత ఆసుపత్రికి తరలింపు, తర్వాత బిల్లు. పైగా కొట్టబడినవాడు ఏ ఊరివాడు, ఏ కులమువాడు, తప్పు ఎవరిది అని ఆ సమరయుడు అడగలేదు.

ఈ మాట మన ప్రాంతములో దసరా వచ్చినప్పుడల్లా మాకు గుర్తొస్తుంది. హొళగుంద మండలములోని దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళమల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవము జరుగుతుంది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వారు ఒక వైపు, చుట్టుపక్కల ఊర్ల వారు ఒక వైపు, కర్రలు, దివిటీలు పట్టుకొని ఉత్సవ విగ్రహాల కోసము పోటీ పడతారు. ప్రతి సంవత్సరము తలలు పగులుతాయి. ప్రభుత్వ వైద్య సిబ్బంది అక్కడే తాత్కాలిక శిబిరము పెడతారు, పెద్ద దెబ్బలు తగిలిన వారిని ఆలూరుకో ఆదోనికో పంపుతారు. కొందరు గాయానికి పసుపు అద్దుకొని నేరుగా ఇంటికి పోతారు, రెండో రోజు వాంతులు మొదలైతే అప్పుడు ఆటోలో వస్తారు.

"వాళ్ళంతట వాళ్ళే కొట్టుకున్నారు కదా, మనకెందుకు జాలి" అని మన విశ్వాసులే కొందరు అనగా విన్నాము. మేము అలా అనుకోము. వారి ఆచారము వారిది, మా చేతిలో సూది దారము ఉంది. బన్ని అయినా, పత్తి బండి మీది నుండి పడినా, మోటారు సైకిలు జారినా తల దెబ్బకు లెక్క ఒక్కటే. దెబ్బ తగిలిన వారిని కనీసము ఒక పగలు, ఒక రాత్రి ఒంటరిగా వదలవద్దు. మాటిమాటికి వాంతులు, ఎంత లేపినా తూగుతూ ఉండటము, తికమకగా మాట్లాడటము, మూర్ఛ, చెవి నుండి గాని ముక్కు నుండి గాని రక్తము లేక నీళ్ళు కారటము, ఒక చెయ్యి కాలు బలహీనపడటము, వీటిలో ఒక్కటి కనబడినా తెల్లవారే దాకా ఆగకుండా 108కు ఫోను చేయండి. గాయములో పసుపు, కాఫీ పొడి నింపవద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఈ సంగతి మీ ఊరిలో బన్నికి పోయే పక్కింటి వారికి దసరాకు ముందే చెప్పండి. పొరుగువాడు ఎవరు అనే ప్రశ్నకు దేవరగట్టు చుట్టుపక్కల అంతకంటే దగ్గరి జవాబు మాకు తెలియదు.

మన తెలుగు దేశములో మిషను ఆసుపత్రులు ఈ నమ్మకము మీదనే లేచాయి. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచి, 1930లో చనిపోయే వరకు ఆ ఊరి మనిషిగానే ఉన్నారు. అయితే మాకు ఎక్కువగా గుర్తొచ్చేది నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ గారు 1915లో అక్కడ కుష్ఠు రోగుల కోసము పని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కుష్ఠు వచ్చిన మనిషి బ్రతికుండగానే చచ్చినవాడితో సమానము. ఇంట్లో పళ్ళెము వేరు, తర్వాత గుడిసె వేరు, తర్వాత ఊరే వేరు. అటువంటి వారికి ఆ దంపతులు మంచము, పని, తోట, పేరు పెట్టి పిలిచే మనిషి, అన్నీ ఇచ్చారు. చాల్‌మోగ్ర జాతి నూనె ఇంజక్షన్లు తప్ప అప్పుడు మందు లేదు. ఆ ఇంజక్షన్లు చాలా నొప్పి. అయినా రోగులు వరుసగా వచ్చేవారు. ఇసబెల్ గారు 1932లో కన్నుమూశారు. ఆ ఆసుపత్రికి పెద్ద మొత్తములో విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ గారు హిందువు. ఈ మాట మేము కావాలనే చెబుతున్నాము, మంచి పనిలో ఎవరి చెయ్యి ముందుంటుందో మనము లెక్కగట్టలేము. ఇప్పుడు కుష్ఠుకు 6 నెలలు లేక 12 నెలలు మాత్రలు మింగితే చాలు, అవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితము. అయినా మచ్చ కనబడితే దాచుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

ఇంకొక సంగతి. 1876 నుండి 1878 వరకు వచ్చిన దాతు కరువు కథ మన పెద్దలు చెప్పేవారు. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది, బళ్ళారి, కర్నూలు జిల్లాలు ఆ కరువుకు బాగా దెబ్బతిన్నాయి. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకొని వేల మందికి కూలి కల్పించారు. కరువు సాయము అందుతున్న రోజుల్లో మాత్రము ఎవరు అడిగినా బాప్తిస్మము ఇవ్వకుండా ఆపారు. కూటి కోసము వచ్చారని ఎవరూ అనకూడదని ఆయన ఉద్దేశము. పని ఆగిపోయాక, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. నిత్యజీవము బియ్యానికి బదులుగా ఇచ్చే సరుకు కాదని ఆయనకు తెలుసు. మా వార్డులో ప్రార్థన ఉంటుంది, కావాలన్న వారికే ఉంటుంది. మంచం పక్కన కుంకుమ పొట్లమో తాయెత్తో ఉన్నా మందు ఒక్కటే.

ఇక కష్టమైన చోటికి వస్తాము.

పెద్దాసుపత్రిలో స్కానింగు చేయించి, క్యాన్సర్ ముదిరిందని కాగితము పట్టుకొని వస్తారు. వచ్చిన కొడుకు గాని కోడలు గాని మమ్మల్ని వరండాలోకి పిలిచి మొదట చెప్పే మాట ఇదే: "ఆయప్పకు చెప్పొద్దండి సిస్టరమ్మా, తెలిస్తే గుండె పగిలి పోతాది." వీళ్ళు ప్రతి ఆదివారము పునరుత్థానమును నమ్ముచున్నానని విశ్వాస ప్రమాణము పలికే వాళ్ళే. లోపల మంచం మీదున్న పెద్దాయనేమో మేము బీపీ చూస్తుంటే నెమ్మదిగా అడుగుతాడు, "ఇంగ ఎన్ని దినాలుండొచ్చమ్మా? పిల్లోళ్ళకు చెప్పొద్దు, బెంగ పెట్టుకుంటారు." ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దాచుకుంటున్నారు. మధ్యలో మాట్లాడుకోవలసిన మాటలన్నీ మిగిలిపోతున్నాయి.

ప్రేమతోనే దాస్తారని మాకు తెలుసు. ఎవరినీ తప్పు పట్టడము లేదు. కానీ మా అనుభవములో, అడిగిన రోగికి అబద్ధము చెప్పి ఎవరూ మేలు చేయలేదు. ఎంత వరకు తెలుసుకోవాలని ఉందో ఆయననే అడగవచ్చు, అడిగినంతే చెప్పవచ్చు. చేయి పట్టుకొని, తలుపు దగ్గరగా వేసి, తొందర లేకుండా చెప్పాలి. అలా చెప్పిన తర్వాత ఒక పెద్దమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు లేచి కూర్చొని, పొదుపు సంఘములో తన లోను ఎంత మిగిలిందో, చెవి కమ్మలు ఏ మనవరాలికో, పదేళ్ళుగా మాట్లాడని చెల్లెలికి కబురు పంపమనో వరుసగా చెప్పింది. చెల్లెలు ఎమ్మిగనూరు నుండి బస్సు దిగి వచ్చింది. వాళ్ళిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో మేము వినలేదు, తెర లాగేశాము. ఆ రాత్రి ఆమెకు నిద్ర మాత్ర అవసరము రాలేదు.

సమాధానపడటము అనే మాట మన సంఘాల్లో ప్రభు బల్లకు ముందు అయ్యగారు తప్పక చెబుతారు. మనము ఆ ఉదయము తల దించుకొని, సాయంత్రము మళ్ళీ పొలము గట్టు దగ్గర అదే మాట అంటాము. నిత్యత్వములో తమ్ముడి పక్కన కూర్చోవలసి ఉందని నిజంగా నమ్మితే, రెండు సెంట్ల స్థలము కోసము ఇరవై ఏళ్ళు ఆదోని కోర్టు చుట్టూ తిరగడము ఎలాగో మాకు అర్థము కాదు. ఐ.సి.యు. అద్దము బయట నిలబడి "అన్నా" అని పిలిచేవారిని చాలా మందిని చూశాము. అప్పటికి లోపలున్న వారికి వినబడదు.

నొప్పి గురించి కూడా చెప్పాలి. కొందరు విశ్వాసులు, ముఖ్యముగా పెద్ద వయసు తల్లులు, నొప్పి మాత్ర వద్దంటారు. "నా సిలువ నేను మోస్తాను లేమ్మా" అంటారు. నొప్పి ఓర్చుకోవడము విశ్వాసానికి పరీక్ష కాదు. లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ ప్రారంభించిన డాక్టర్ సిసిలీ సాండర్స్ గారు మొదట మాలాగే నర్సు, గట్టి క్రైస్తవురాలు. చనిపోబోయే మనిషికి శరీరములోనే కాక మనసులో, కుటుంబములో, ఆత్మలో కూడా నొప్పి ఉంటుందని, అన్నింటినీ కలిపి చూడాలని ఆమె నేర్పారు. నొప్పి తిరగబెట్టే దాకా ఆగకుండా గడియారము ప్రకారము మార్ఫిన్ ఇచ్చే పద్ధతి ఆమె వల్లనే అందరికీ తెలిసింది. మన దేశములో మాదక ద్రవ్యాల చట్టము వల్ల ఆ మందు దొరకడము చాలా కాలము కష్టముగా ఉండేది. 2014లో చట్టము సవరించాక కొంత సులువైంది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ సేవకు ప్రత్యేక విభాగమే ఉంది. డాక్టరు రాసిన మోతాదులో వాడితే అలవాటు పడిపోతారనే భయము అక్కరలేదు. మలబద్ధకము మాత్రము తప్పక వస్తుంది, దానికి మొదటి రోజు నుండే మందు అడగండి. నొప్పి తగ్గిన మనిషి ప్రార్థన కూడా బాగా చేసుకుంటాడు, మనవడితో నవ్వుతాడు, రెండు ముద్దలు రాగి సంకటి తింటాడు.

తర్వాత సమాధి సంగతి. ఇక్కడ మా మాట కొంచెము కటువుగా ఉంటే క్షమించండి. బ్రతికుండగా అవ్వకు నెలనెలా బీపీ మాత్రలు తేవడానికి ఎవరికీ తీరిక ఉండదు. పోయిన తర్వాత మార్బులు రాళ్ళతో సమాధి, పెద్ద ఫ్లెక్సీ, ఆదరణ కూడికకు ఐదు వందల మందికి భోజనము, దానికి వడ్డీకి అప్పు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని సామెత ఊరికే పుట్టలేదు. లేస్తాడని నమ్మినవానికి రాయి ఎంత మందముంటే ఏమి? ఆ డబ్బులో పదో వంతు మాత్రలకు పెట్టి ఉంటే పక్షవాతము రాకుండా ఉండేదేమో అని మేము ఫైలు మూసేటప్పుడు అనుకుంటాము. నవంబరు 2న సమాధుల దగ్గరకు పూలు, కొవ్వొత్తులు తీసుకొని పోవడము మంచి అలవాటే. అదే రోజు ఇంట్లో ఉన్న పెద్దవారికి బీపీ, చక్కెర చూపించండి.

చారెడు కళ్ళ మాట వచ్చింది కాబట్టి నేత్రదానము గురించి. మన సంఘాల్లో మమ్మల్ని ఎక్కువ సార్లు అడిగిన ప్రశ్న ఇది: "కండ్లు ఇచ్చేస్తే పునరుత్థాన దినమున ఎట్లా లేస్తాము, గుడ్డిగా లేస్తామా?" నవ్వవద్దు, అడిగినవారు మనస్ఫూర్తిగా అడిగారు. సమాధిలో పెట్టినా కళ్ళు మట్టిలో కలిసేవే. సముద్రములో మునిగిన జాలరులు, మంటల్లో కాలిన హతసాక్షులు లేవరని మనము అనము కదా. పౌలు కొరింథీయులకు రాస్తూ గింజ పోలిక చెప్పాడు. విత్తేది ఒకటి, మొలిచేది ఒకటి. వేరుశనగ వేసే మన రైతుకు అది విడమరచి చెప్పనక్కరలేదు. విత్తు చివికితేనే చెట్టు. మట్టి నుండి మనిషిని చేసినవాడికి మన రెండు కార్నియాలు లెక్క కాదు.

చేయవలసినది కొంచెమే. చనిపోయిన 6 గంటల లోపు కార్నియా తీయాలి, అందుకని కుటుంబము వెంటనే కబురు చేయాలి. ఈలోగా కనురెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచండి. పని అరగంట లోపే అయిపోతుంది, ముఖము వికారముగా మారదు, బంధువులు చూపు చూసుకోవచ్చు. కళ్ళజోడు ఉన్నవారు, శుక్లాల ఆపరేషను అయినవారు, చక్కెర వ్యాధి ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు. ఎయిడ్స్, కామెర్ల వైరస్, రేబిస్ వంటి వాటితో పోయిన వారివి తీసుకోరు. ముందుగా కార్డు మీద సంతకము చేసినా, ఆ సమయానికి ఇంటివారు ఒప్పుకుంటేనే జరుగుతుంది. కాబట్టి భోజనాల దగ్గర ఒకసారి ఈ మాట ఇంట్లో వారికి చెప్పి ఉంచండి. చావు మాట అన్నము ముందు ఎందుకని పెద్దవారు కసురుకుంటారు. అయినా చెప్పండి.

చివరిగా మందులు మానేసే వారి గురించి. స్వస్థత కూడికకు పోయి వచ్చి, "నమ్మకము ఉంది కాబట్టి మాత్రలు ఆపేశాను" అని చెప్పేవారు ప్రతి సంవత్సరము కనబడతారు. ఎక్కువగా టీబీ, ఫిట్స్, చక్కెర రోగులు. ప్రార్థన చేయండి, మేమూ చేస్తాము. ఇన్సులిన్ కూడా చేయండి. దేవుడు ఇచ్చిన శరీరాన్ని నిర్లక్ష్యము చేసి ఆత్మను కాపాడుకోవచ్చు అనేది మన బైబిలు బోధ కాదు. ప్రభువు చనిపోయిన చిన్నపిల్లను లేపిన వెంటనే, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టండి అని చెప్పారని మార్కు రాశాడు.

టీబీ సంగతి మన వైపు ఇంకా కష్టము, ఎందుకంటే సుగ్గి ఉంది. పత్తి, మిరప పనులకు ఇంటికి తాళము వేసి, పిల్లలతో సహా గుంటూరు వైపు బండి ఎక్కుతారు. రెండు నెలలు మాత్రలు వేసుకున్నాక దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్ళు పట్టి ఉంటుంది. బాగైందని డబ్బా ఇంట్లోనే వదిలేస్తారు. మందులకు లొంగే టీబీకి కోర్సు 6 నెలలు. మధ్యలో మానితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా ముదురుతాయి, ఆ తర్వాత చికిత్స ఎక్కువ కాలము, ఎక్కువ బాధ. మీతో పాటు ఒకే గుడిసెలో పడుకునే పిల్లలకు కూడా అదే అంటుతుంది.

కాబట్టి సుగ్గికి పోయే ముందు ఒక్కసారి వచ్చి కనబడండి. మీ నిక్షయ్ నంబరు కాగితము జేబులో పెట్టుకోండి. ఆ నంబరు చూపితే మీరు పని చేసే ఊరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములో కూడా మాత్రలు ఉచితముగా ఇస్తారు. పోషణ కోసము 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేశారు. అది మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది, ఖాతా పుస్తకము కూడా తెచ్చుకోండి. రెండు వారాలు దాటి దగ్గుతున్న వారు మీ గుంపులో ఎవరున్నా, ఏ కులమైనా, ఏ మతమైనా, బండి ఎక్కకముందే వారిని వెంటబెట్టుకొని రండి. గళ్ళ పరీక్షకు డబ్బు తీసుకోరు. బండి తెల్లవారుజామున ఉంటే ముందు రోజు సాయంత్రము రావచ్చు, డ్యూటీలో ఉన్న సిస్టరును అడగండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్